సిరిల్ అంకుల్ దిద్దుకున్న వంశవృక్షం

మొన్న లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో బస్సు దిగేసరికి వాన పెద్దదైంది. పక్కనే ఉన్న పాత చర్చిలోకి పరుగెత్తాను. లోపల అడుగు పెట్టగానే తడిసిన రాతి వాసన, చెక్క బెంచీలకు రుద్దే మైనం వాసన కలిసి ముక్కుకు తగిలాయి. గొడుగు దులుపుకునే లోపే నా కళ్లు గోడల మీదికి పోయాయి. ఒక పాలరాతి ఫలకం, దాని పైన రంగు వెలిసిన చిన్న డాలు కనబడ్డాయి. "ఎర్ర రంగు, అడ్డంగా తెల్ల పట్టీ, పట్టీ మీద మూడు గవ్వలు" అని పైకే అనేశాను. బెంచీలు తుడుస్తున్న ఆవిడ నా వంక ఆశ్చర్యంగా చూసింది. ఏళ్ల తరబడి ఒక మనిషికి కళ్లుగా పనిచేసిన అలవాటు ఇది. ఆ మనిషి పోయాడు, అలవాటు మిగిలింది.

ఆయన పేరు సిరిల్ వాట్‌మోర్. నేను సిరిల్ అంకుల్ అనేదాన్ని. కుటుంబాల చరిత్ర వెతకడం, డాళ్ల మీది గుర్తులు చదవడం ఆయన వృత్తి. ఈ దేశంలో పాత కుటుంబాలు కొన్నింటికి ఒక్కో డాలు గుర్తు ఉంటుంది. మన ఇంటిపేరూ గోత్రమూ కలిపి బొమ్మగా గీస్తే ఎట్లా ఉంటుందో అట్లాంటిది. చదవడం తెలిసినవాళ్లకు ఆ బొమ్మ చూస్తే ఎవరు ఎవరి బిడ్డో, ఎవరిని పెళ్లాడారో తెలుస్తుంది. అంకుల్ పద్దెనిమిదేళ్ల వయసులో తల్లితో ఓడ దిగి, క్రోయిడన్‌లో ఒక వకీలు ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. వీలునామా రాయకుండా పోయినవాళ్లకు వారసులెవరో వెతికి పట్టుకోవడం అక్కడ ఆయన పని. ఆ వెతుకులాట రుచి మరిగి, సెలవు రోజుల్లో సైకిలు మీద చర్చీలన్నీ తిరిగి, రాళ్ల మీది డాళ్లను గీసుకుంటూ, ఎవరి దగ్గరా చేరి చదవకుండానే ఈ విద్యలో పండితుడయ్యాడు. పుస్తకాలు రాశాడు. పాత డాలు ఎవరిదో తేలకపోతే పెద్ద పెద్ద వాళ్లు ఆయనకు కబురు పెట్టేవారు.

నేను ఆయనను మొదటిసారి చూసింది వాట్‌ఫర్డ్ లైబ్రరీలో. అప్పటికి నేను ఇంగ్లండు వచ్చి ఏడాది దాటింది. నా భర్త శ్రీధర్ హాస్పిటల్లో జూనియర్ డాక్టరు. డ్యూటీల రోటా ఎట్లా వేస్తే అట్లా వెళ్లేవాడు. చరిత్రలో ఎం.ఏ. చదివిన నేను ఫ్లాట్‌లో గోడలు చూడలేక లైబ్రరీలో కూర్చునేదాన్ని. ఒకరోజు మూల నుంచి "దీని దుంప తెగ!" అని వినిపించింది. తిరిగి చూస్తే టై కట్టుకున్న ఒక తెల్లటి ముసలాయన, మైక్రోఫిల్మ్ యంత్రంలో ఇరుక్కున్న రీలును గుంజుతున్నాడు.

"మీరు... తెలుగువాళ్లా?" అన్నాను.

ఆయన కళ్లజోడు పైకెత్తి నన్ను తేరిపార చూశాడు. "గుంతకల్లు. రైల్వే కాలనీ. మా నాయిన మెయిలు డ్రైవరు. నువ్వు యా ఊరమ్మా?"

"తాడిపత్రి."

"తాడిపత్రా! అయితే మనం ఒక లైన్లోవాళ్లమే కదప్పా!" అని లైబ్రరీ అంతా వినబడేట్టు నవ్వాడు. ఆంగ్లో ఇండియన్ కుటుంబం వాళ్లది. యాభై ఏళ్లుగా వాడకుండా పెట్టెలో దాచిన తెలుగు, మడత నలగకుండా అట్లాగే ఉంది. దాన్ని మాట్లాడడానికి ఒక మనిషి దొరికిందన్న సంతోషంతోనే ఆయన నన్ను పనిలోకి తీసుకున్నాడని నా అనుమానం. పైకి చెప్పిన కారణం వేరు. కంట్లో శుక్లాలు ముదురుతున్నాయి. ఆపరేషన్ కోసం ఎదురుచూసేవాళ్ల వరుస పెద్దది. కౌంటీలో ఉన్న సమాధి ఫలకాల మీద ఆఖరి పుస్తకం రాస్తున్నాడు. చూసి చెప్పే మనిషి కావాలి.

చూసి చెప్పడం ఎంత కష్టమో మొదటి వారంలోనే తెలిసింది. "ఎడమవైపు సింహం" అన్నాను ఒక డాలు ముందు నిలబడి. "ఎవురి ఎడమ?" అన్నాడు. "నా ఎడమ." "నీది ఎవురికి గావాల? డాలు పట్టుకున్నోడు దాని ఎనకాల నిలబడి ఉంటాడు. వాని కుడి ఏందో, ఎడమ ఏందో చెప్పు." అప్పటి నుంచి ప్రతి రాయి ముందూ మనసులో అవతలి పక్కకు వెళ్లి నిలబడి చూడడం నేర్చుకున్నాను. ఇంకోసారి ఒక సగం అరిగిన బొమ్మను హంస అని చెప్తే, "హంస కనబడిందా, హంస అనుకున్నావా?" అని అడిగాడు. అనుకున్నానని ఒప్పుకున్నాను. "అయితే పక్షి అని చెప్పి ఊరుకో. రెక్కలు కనబడితే రెక్కలు చెప్పు" అన్నాడు. కోపంగా అనలేదు. కానీ మధ్యాహ్నం శాండ్‌విచ్ తినేదాకా నాతో తెలుగులో మాట్లాడలేదు. అదే ఆయన వేసే శిక్ష.

ఆయన ఇంటి ముందుగదిలో సొంత వంశవృక్షం ఉండేది. పైన ఒక స్కాట్లండు సిపాయి పేరు, దాని పక్కన ఖాళీ గడి. "మా ముత్తవ్వ. గుత్తి కోట కింద ఊర్లో ఆమె. పెండ్లి రాసినప్పుడు 'స్థానిక స్త్రీ' అని రాసి ఊరుకున్నారు. పేరు అడగాలని కూడా వాళ్లకు తోచలే" అన్నాడు. వచ్చినవాళ్లందరికీ ఆ గడి చూపించి ఆమె సంగతి చెప్పేవాడు. దాచుకోవాలని ఆయనకు ఎప్పుడూ తోచినట్టు లేదు.

ఆ రోజుల్లో నేను మాత్రం చాలా దాచుకునేదాన్ని. రెండేళ్లలో మూడుసార్లు గర్భం నిలవలేదు. మూడోసారి తర్వాత డాక్టరమ్మ ఇక ప్రయత్నించవద్దని నెమ్మదిగా, చేయి పట్టుకుని చెప్పింది. హారోలో తెలుగువాళ్లెవరింటికి భోజనానికి వెళ్లినా "ఏమ్మా, ఇంకా విశేషం లేదా?" అని ఆంటీలు అడిగేవాళ్లు. వెళ్లడం మానేశాను. శ్రీధర్ ఒకరోజు, "ఎవరినైనా తెచ్చుకుని పెంచుకుందామా?" అన్నాడు. నాకూ అదే ఆశ. కానీ నంద్యాల నుంచి అత్త ఫోన్‌లో ఒక్కమాటతో తేల్చేసింది. "ఎవురి బిడ్డో, ఏం రక్తమో! మన వంశంలోకి ఎట్ల తెచ్చుకుంటాం రా?" శ్రీధర్ ఫోన్ పెట్టేసి డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ మాట మా ఇద్దరి మధ్యా మళ్లీ రాలేదు. ఎప్పుడూ ఇంట్లోనే ఉన్నట్టు మాత్రం ఉండేది.

అట్లాంటి రోజుల్లోనే సఫోక్‌లో ఒక పల్లె చర్చికి వెళ్లాం. అక్కడి ఆర్గన్ వాయిద్యం పాడైతే మరమ్మతు కోసం జరిపారట. ఎన్నో ఏళ్లుగా దాని వెనుక ఉండిపోయిన ఒక ఫలకం బయటపడిందని అక్కడి ఫాదర్ ఫోన్ చేశాడు. అది లాంగ్‌మీడ్ వంశపు ఆడపడుచు సమాధి. ఆ వంశం పేరు వింటే అంకుల్ ముఖం వెలిగేది. ఒక యుద్ధవీరుడి నుంచి ఇప్పటి లాంగ్‌మీడ్ కుటుంబం దాకా తెగకుండా గొలుసు కట్టి చూపించింది ఆయనే. ఆయనకు పేరు తెచ్చిన మొదటి పుస్తకంలో మొదటి అధ్యాయం అదే.

"ఏముందో చెప్పు పాపా" అన్నాడు, కర్ర మీద రెండు చేతులూ ఆనించి.

"పెద్ద డాలు భర్తది. పచ్చ రంగు, మీద జింక తల. నడుమ ఇంకో చిన్న డాలు. అందులో నీలం మీద మూడు గోధుమ కట్టలు."

అంకుల్ కర్ర మీద ముందుకు వంగాడు. "లాంగ్‌మీడ్ గుర్తే. పక్కపక్కన ఉండాయా? పెద్ద డాలును నిలువునా సగం చేసి, ఒక పక్క జింక, ఒక పక్క గోధుమలు?"

"కాదు అంకుల్. సరిగ్గా నడుమ ఉంది."

"నడుమ అనుకున్నావా, నడుమ కనబడిందా?"

నిచ్చెన తెప్పించుకుని ఎక్కాను. వేలితో అంచులు తడిమాను. "నడుమనే ఉంది."

ఆయన వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. దాని అర్థమేమిటో అక్కడి నుంచే చెప్పాడు. భార్య గుర్తు భర్త గుర్తు పక్కన ఉంటే ఆమె మామూలుగా పెళ్లయి వచ్చిన ఆడపిల్ల. అదే నడుమ చిన్న డాలుగా పెడితే, ఆమె పుట్టింటికి మగ వారసుడు లేడని, అన్నదమ్ములుంటే వాళ్లు బిడ్డలు లేకుండా పోయారని అర్థం. కానీ అంకుల్ కట్టిన గొలుసు మొత్తం ఈమె అన్న థామస్ సంతానం మీదే నిలబడి ఉంది. ఆ రోజుల్లో ఆర్గన్ వెనుకకు పోయే దారి లేక, పాత ఫాదర్ ఎవరో గీసిన బొమ్మను అంకుల్ నమ్మాడు. ఆ బొమ్మలో డాళ్లు పక్కపక్కన ఉన్నాయి.

"రాయి చెక్కినవాడు పొరబడి ఉండొచ్చు కదా?" అన్నాను, ఆయన ముఖం చూడలేక.

"ఉండొచ్చు. చూద్దాం." చూశాం. నెల తిరిగేసరికి సందేహం లేకుండా పోయింది. ఆ థామస్ పెళ్లి కాకుండానే చనిపోయి అదే చర్చి ఆవరణలో ఉన్నాడు. ఇప్పటి కుటుంబానికి మూలపురుషుడు అదే పేరున్న ఇంకో థామస్. పక్క ఊళ్లో బండిచక్రాలు చేసేవాడు.

వసంతకాలంలో ఒక సంఘంవాళ్లు అంకుల్‌కు సన్మానం చేయబోతున్నారు. ఆ మొదటి పుస్తకం మీదే ఆయన ప్రసంగం. నేను ధైర్యం చేసి అన్నాను. "ఆ కుటుంబంలో ఇప్పుడున్న లాంగ్‌మీడ్ గారికి ఎనభై దాటాయంటున్నారు. ఇప్పుడు చెప్పి ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకు అంకుల్?"

"చెప్పకుంటే ఆ పిల్ల పేరు లేకుండానే పోతాదమ్మా" అన్నాడు.

ఏ పిల్ల అని అడిగితే అప్పుడు చెప్పాడు. పుస్తకం వచ్చిన రోజుల్లో అంకుల్ చేత ఆ ఇంటి గోడకు వంశవృక్షం రాయించింది ఇప్పటి జెఫ్రీ లాంగ్‌మీడ్ గారి తండ్రి. జెఫ్రీకి పిల్లలు లేక హెలెన్ అనే పాపను దత్తత తెచ్చుకున్నాడు. ఇక్కడి ఆచారంలో దత్తత బిడ్డకు డాలు గుర్తు దానంతట రాదు. జెఫ్రీ తండ్రి అంతటితో ఆగకుండా వంశవృక్షంలో పేరు కూడా ఉండకూడదన్నాడు. జెఫ్రీ దంపతుల పేర్ల కింద 'సంతానం లేదు' అని రాయమన్నాడు. "నేను రాసినా. నల్ల సిరాతో, నీటుగా. ఆ పాప అదే గదిలో కార్పెట్ మీద ఆడుకుంటాంది."

ముందు ఉత్తరం రాద్దామనుకుని మానేసి, ఫోన్ చేసి, ఇద్దరం రైల్లో బయల్దేరాం. దారి పొడుగునా అంకుల్ టై సర్దుకుంటూనే ఉన్నాడు. హెలెన్ స్టేషన్‌కు కారు తెచ్చింది. నడివయసు మనిషి, స్కూల్లో టీచరు. ఇంట్లో పొయ్యి పైన గోడ నిండా ఆ వంశవృక్షం, మధ్యలో మూడు గోధుమ కట్టల డాలు. జెఫ్రీ గారు దాని కిందే కుర్చీలో ఉన్నారు. అంకుల్ కూర్చోలేదు. నిలబడే, ఇంగ్లీషులో, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"నేను ఇక్కడ రెండు తప్పులు చేశాను. మీ వంశం ఆ వీరుడి నుంచి రాలేదు. అది తెలియక చేసిన తప్పు. రెండోది తెలిసే చేశాను. ఆ చివరి వరుసలో 'సంతానం లేదు' అని రాశాను."

హెలెన్ టీ పోయడం ఆపింది. జెఫ్రీ గారు మెడ తిప్పి గోడ వంక చూసి, "అయితే ఈ డాలు మీద మా నాన్నకూ హక్కు లేదన్నమాట" అన్నారు.

"లేదు."

"హెలెన్‌కు ఎంత ఉందో ఆయనకూ అంతే."

"అంతే."

ముందు ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకుని నేను లేవబోయాను. నవ్వుతున్నారు. కళ్లనీళ్లు కారుతున్నాయి, నవ్వు మాత్రం ఆగలేదు. హెలెన్ వచ్చి ఆయన కుర్చీ చేతి మీద కూర్చుంది. అంకుల్‌తో మెల్లగా అంది. "నేను చదవడం నేర్చుకున్న రోజుల్లో దీని ముందు నిలబడి కూడబలుక్కునేదాన్ని. 'సంతానం లేదు' అంటే ఎవరికి అని తాతయ్యను అడిగాను. వెళ్లి ఆడుకోమన్నాడు. మళ్లీ ఎవరినీ అడగలేదు."

"నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను" అన్నాడు అంకుల్.

"ముందు కూర్చోండి. టీ చల్లారిపోతోంది." కప్పు అందించి, "ఇంతకీ మేమెవరం?" అని అడిగింది.

"బండిచక్రాలు చేసేవాళ్లు."

"చక్రాలా!" అంది హెలెన్. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా విప్పారింది. జెఫ్రీ గారు ఆ పటాన్ని ఆ సాయంత్రమే దింపించారు. దాని వెనుక గోడ రంగు కొత్తగా, లేతగా ఉంది. కొత్తది ఎప్పుడు రాసిస్తారని ఆయనే అడిగారు.

తిరుగు రైల్లో నేను ఇక దాచుకోలేకపోయాను. మూడు పోగొట్టుకున్నదీ, అత్త అన్న మాటా, శ్రీధర్ మౌనమూ అన్నీ చెప్పేశాను. ఆయన కిటికీ వైపు తిరిగి విన్నాడు. "సలహాలు చెప్పేది నాకు రాదు పాపా" అన్నాడు చివరికి. "నేను చూసిందొకటి చెప్తా. ఇన్నేండ్లలో ఎన్నో వంశాలు తిరగేసినా. యాడో ఒక చోట తెగిపోనిది ఒకటీ కనబడలే. తెగిన చోట ఎవురో ఒకరు బయటినుంచి వచ్చి పట్టుకున్నారు. ఆ పట్టుకున్నోళ్లే లేకుంటే నాకు రాసే పనే ఉండేది కాదు." అంతే. తర్వాత రెండు నిమిషాల్లో నిద్రపోయాడు. నెల రోజులుగా సరిగా పడుకోని మనిషి, టై వదులు చేసుకుని గురక పెడుతుంటే ఎదురుగా కూర్చున్న కుర్రాళ్లు నవ్వుకున్నారు. నాకు ఆ గురక ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను.

ఆ రాత్రే శ్రీధర్‌తో మాట్లాడాను. తను వాళ్లమ్మకు ఫోన్ చేసి, "అడగడానికి చేయలేదమ్మా, చెప్పడానికే చేసినా" అన్నాడు. ఆవిడ ఫోన్ పెట్టేసింది. చాలా నెలలు మాట్లాడలేదు. దత్తతకు మేం తగినవాళ్లమా అని చూడడానికి కౌన్సిల్ నుంచి సోషల్ వర్కర్ మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చింది. మా గురించి తెలిసిన పెద్దమనిషి ఎవరని అడిగితే సిరిల్ అంకుల్ పేరిచ్చాం. ఆయన ఏం చెప్పాడో ఆవిడే తర్వాత నవ్వుతూ చెప్పింది. "నేను పుస్తకంలో తప్పు రాసినవాణ్ణి, నా మాట ఎంతవరకు నమ్ముతారో మీ ఇష్టం. ఆ అమ్మాయి కళ్లను మాత్రం నమ్మండి. లేనిది ఉందని చెప్పదు."

సన్మానం సంగతి చెప్పాలి. తప్పు జరిగిందని అంకుల్ సంఘానికి ముందే తెలియజేశాడు. ప్రసంగంలోనూ చెప్తానన్నాడు. వాళ్లు సన్మానాన్ని వాయిదా వేశారు. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. ఒకరిద్దరు పత్రికల్లో ఎత్తిపొడుపుగా రాశారు. నేను బాధపడుతుంటే, "సూటు ఇస్త్రీ చేయించే పని తప్పింది" అన్నాడు. నిజంగానే తేలికపడ్డాడు. ఆ ఏడే ఒక కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజున నన్ను చూసి, "నువ్వు నేననుకున్నంత పొడుగు లేవే!" అన్నాడు.

మా అనీషా రెండేళ్ల వయసులో మా ఇంటికి వచ్చింది. వచ్చిన కొన్ని వారాలకు, ఒక ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. అత్త. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"ఆ పిల్ల కారం తింటాదా?"

"లేదత్తా. ఇంకా అలవాటు కాలేదు."

"మీరిద్దరూ ఏం వండి పెడతాండారో ఏమో. టికెట్టు తీయమని చెప్పు వానికి. నేనొచ్చి అలవాటు చేస్తా."

ఫోన్ పెట్టేసి మెట్ల మీదే కూర్చుండిపోయాను. శ్రీధర్ ఏమైందని కంగారుగా అడిగితే వాళ్లమ్మకు టికెట్టు తీయమని చెప్పాను.

అత్త వచ్చాక అంకుల్‌ను భోజనానికి పిలిచాం. "ఈ దొర మన మాట మాట్లాడతాండాడే!" అని ఆవిడ నోరు తెరిచింది. "దొరను కాదమ్మా, గుంతకల్లోణ్ణి" అన్నాడు ఆయన. ఇక ఇద్దరూ మమ్మల్ని మరిచిపోయారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెడితే ముఖం ఎర్రబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ మళ్లీ పెట్టించుకున్నాడు. అత్త ఒళ్లో అనీషా ఆయన టై లాగుతోంది. ఉన్నట్టుండి అత్త అడిగింది. "మీరు వంశాలు రాస్తారంట కదా. దీనికీ ఒకటి రాసియ్యండి."

"ఎట్ల రాయమంటావమ్మా?"

ఆవిడ అనీషా చేతిలోంచి టై విడిపించింది. "మా పేర్లన్నీ పైన పెట్టి కింద దీని పేరు రాయండి. కన్నతల్లికీ ఒక చోటు పెట్టండి, పాపం. ఆమె లేకుంటే ఇది యాడిది?"

అంకుల్ స్వయంగా చేత్తో రాసిన వాటిలో అదే ఆఖరిది. అక్షరాలు కొంచెం వంకరపోయాయి. రెండేళ్ల తర్వాత ఒక చలికాలపు ఉదయం, కుర్చీలో, పేపరు చదువుతూ పోయాడు. అంత్యక్రియలకు హెలెన్ వచ్చింది. ఎవరితో ఏ మాటా పెండింగు పెట్టుకోకుండా వెళ్లిన మనిషి అని మేమిద్దరం అనుకున్నాం.

ఆయన పని ఇప్పుడు నేను చేస్తున్నాను. పొరబడితే ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్తాను. చెప్పాక నిద్ర పడుతుంది. ఎవరింటి గోడ మీదైనా వంశవృక్షం కనబడితే అందరూ తల ఎత్తి పైన ఉన్న జమీందారునో వీరుణ్ణో చూస్తారు. నా చూపు ముందు కిందికి పోతుంది. మొన్నీమధ్య హారోలో మనవాళ్ల ఇంటికి వెళ్లాను. ఇంటాయన పెద్ద డాక్టరు. ఏడు తరాలు చక్కగా ఫ్రేము కట్టించి పెట్టారు. ఆయన పై వరుసలు వివరిస్తుంటే నేను చివరి వరుసలో ఆయన ఇద్దరు కొడుకుల పేర్ల మధ్య, ఇంకో పేరు పట్టేంతగా ఉన్న ఎడం చూస్తూ నిలబడ్డాను.

"ఇక్కడ ఇంకొకరు ఉండాలేమో కదండీ?" అన్నాను.

ఆయన మళ్లీ పై వరుస వైపు వేలు చూపించాడు. వంటింటి గుమ్మంలో, చేతిలో కాఫీ ట్రేతో నిలబడిన ఆంటీ ఆయన వంక చూడలేదు. నా వంకే చూస్తూ, చాలా రోజుల తర్వాత పలుకుతున్నట్టుగా ఒక ఆడపిల్ల పేరు చెప్పింది.